ఎలుక కండలో చూసినది

తమ్ముడూ,

చిన్నప్పుడు ఒక ఉదయం భావనపాడు తీరంలో, పోలియోతో చచ్చుబడిన నీ కాలిని, బాగవుతుందని, వేడెక్కిన ఇసుకలో పూడ్చి పక్కన కూర్చున్నాను. "అక్కా, ఇలా పాతితే కాలు మొలుస్తాదేటే?" అని నవ్వావు.

నువ్వు పోయి ఏడాదైంది. నిన్న విశాఖలో నీ కూతురు పనిచేసే ప్రయోగశాలకు వెళ్ళాను. పోలియో ఎక్కించిన ఎలుక వెనక కాళ్ళు ఈడుస్తోంది. అలాంటి ఎలుక కండను నీ కూతురు మైక్రోస్కోపులో చూపించింది. ఎండిన పోగుల పక్కనే నిండైన పోగులు!

"జబ్బు కండది కాదత్తా. ఎన్నుపూసలో నరం సచ్చిపోతే, అది నడిపే పోగులు ఎండిపోతాయి" అంది.

చేతులు జోడించాను. ఇంత సన్నని దారాలతోనా స్వామి మనల్ని నడిపిస్తున్నాడు!

ఊళ్ళో ఉన్న నీ మనవడికి ఇంకా పోలియో చుక్కల మందు పడలేదు; ఇక్కడి ఆసుపత్రిలో మందు అయిపోయింది, విశాఖ వెళ్ళాలి. "శూన్యమాసంలో పసిగుంటడిని పొలిమేర దాటిస్తారేటి?" అంది నీ భార్య. ఈ సాయంత్రం ఇంట్లో అందరం కూర్చుని, ఆషాఢమైనా రేపటి రైలుకే విశాఖ తీసుకెళ్ళాలని నిర్ణయించాం. వాణ్ణి ఎత్తుకుని వచ్చేది నీ భార్యే.