పాపికొండల బంగారు బల్లి

శనివారం, తెనాలి.

ఇన్నాళ్ళకు నా పగ తీరింది.

పాపికొండల్లో నేను తీసిన బంగారు బల్లి ఫొటోను, నాకు పరిశోధన నేర్పిన సారు తన పేరుతో పుస్తకంలో వేసుకున్నారు. ఇవాళ మా కాలేజీలో ఉపన్యాసానికి వచ్చి, అదే ఫొటో తెర మీద చూపించి, "వారం రోజులు కొండ మీదే ఉండి తీశానండి" అన్నారు.

నేను లేచాను. "సార్, ఆ బల్లి ఉన్న రాయి ఏంటండి?"

"గ్రానైట్, అమ్మా."

"కాదండి, ఖొండలైట్. దగ్గరికెళ్తే ఎర్రటి గార్నెట్ గింజలు కనిపిస్తాయి. ఆ బండ దగ్గర తీసిన మిగతా ఫొటోలన్నీ నా ఫోన్‌లోనే ఉన్నాయండి."

ఫోన్ ఎత్తి అందరికీ చూపించాను. హాలంతా గుసగుసలు. ఆయన గ్లాసు ఎత్తి, తాగకుండానే కింద పెట్టారు. ఎంత తృప్తిగా అనిపించిందో!

ఇంతలో, బాపట్ల నుంచి ఆయనతో కలిసి వచ్చిన ఆయన భార్య ముందు వరుసలో నిలబడ్డారు.

"ఏవండీ, ఆ వారం కొండ మీద లేకపోతే మరి ఎక్కడున్నారు?"

ఆయన తల వంచుకుని బల్ల మీది కాగితాలు సర్దుకోసాగారు.

నేను అడగాలనుకున్నది ఫొటో గురించే. ఆవిడ ఒక్కతే మెట్లు దిగి వెళ్ళిపోవడం తలచుకుంటే మనసు చివుక్కుమంటోంది. ఆయన మీద మాత్రం ఇప్పటికీ జాలి కలగడం లేదు.