పాటల కంప్యూటర్‌కి పాస్‌వర్డ్

ఏమండీ,

నేను డ్యూటీకి వెళ్తున్నాను. పప్పు ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకోండి. కంప్యూటర్ ఆన్ చేయగానే నల్ల తెర మీద పాస్‌వర్డ్ అడుగుతుంది. చెడిపోలేదు, నేనే పెట్టాను. మన పాప బ్లెస్సీ పుట్టినరోజు కొట్టి చూడకండి, అది కాదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు పాటలు మెచ్చుకుంటే మీరన్న మాట వెనకే నిలబడి విన్నాను. "నేను చెప్తాంటా అయ్యగారూ, సలోమి టైపు చేస్తాది, అంతే." ఒక్క చరణమైనా మీరు చెప్పారా? డ్యూటీకి వెళ్ళే బొమ్మసంద్ర బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి కట్టుకున్న పాటలవి. ఈరోజు వాటిని మీ పేరుతో అచ్చు వేయించడానికి ప్రెస్సుకి పంపుతారట. పాటలు నావని పాస్టరుగారికి మీ నోటితో చెప్పండి. ఆయన నాకు ఫోన్ చేసిన రోజు పాస్‌వర్డ్ చెప్తాను.

రిపేరు షాపతన్ని పిలిస్తే కంప్యూటర్ డబ్బా విప్పి నిమిషంలో పాస్‌వర్డ్ తీసేస్తాడు. ఆ సంగతి నాకూ తెలుసు. పిలుస్తారో లేదో చూద్దామనే పెట్టాను.

సలోమి

ఆ పాటలకు ఇంకో కాపీ లేదు. పిలిచేటట్టయితే అతన్ని జాగ్రత్తగా విప్పమనండి.