సమాధుల తోటలో అడ్డంగా నువ్వు

అబ్రహామన్నా, వందనాలు.

ప్రభువు పేరిట వందనాలు అని రాయబోయి ఆగాను. ఆయన దగ్గరున్నవాడికి ఆయన పేరు చెప్పి వందనాలు పెట్టడమేమిటి? అసలు నువ్వు ఎక్కడున్నావు, ఎటు తిరిగి ఉన్నావు అన్న దాని మీదే కదా ఇక్కడ గొడవంతా... నువ్వు పోయిన ఎండాకాలం గడిచి ఇంకో ఎండాకాలం నడుస్తోంది. ఈ ఏడాదిలో నేను స్థిమితంగా కూర్చుని తిన్న అన్నం లేదు.

వదిన బాగుంది అని అబద్ధం రాయను. మిరపకోతకు వెళ్తోంది, ఆదివారం మందిరానికి వస్తోంది, పాట అందుకుంటోంది. కానీ మొన్నటి పండుగ దాకా ప్రార్థనకు కళ్ళు మూసుకోలేదు. అందరూ తల వంచుకుంటే తను మాత్రం కిటికీలోంచి సమాధుల తోట వైపు చూస్తూ ఉండేది.

మన పేటలో సగం మంది మాచర్ల అవతల డ్యాము పనికి వెళ్ళారు. కాలువ వస్తుందంట, మన బీడు భూములకు కృష్ణ నీళ్ళు పారతాయంట. నువ్వుంటే నమ్మేవాడివా? "ప్రభువన్నా ముందొస్తాడేమోగానీ కాలువ రాదురా" అని ఉండేవాడివి.

నువ్వు పోయిన రోజు సంగతి నీకు ఎవరు చెప్పి ఉంటారు? నేను చెప్తాను.

ఆ వారం నరసరావుపేటలో ఎండాకాలపు ప్రార్థన కూటాలు. పేట పేటంతా బండ్లు కట్టుకుని వెళ్ళాం. నిన్ను రమ్మంటే, "సున్నపు బట్టీ మండుతుంటే వదిలేసి ఎట్టా వచ్చేదిరా? నీ ప్రసంగం ఇంటికాడ రోజూ వింటానే ఉన్నా గదా" అన్నావు. నీ కోసం వదిన కూడా ఉండిపోయింది. మధ్యాహ్నం పిడుగురాళ్ల క్వారీలో రాయి ఎత్తుతూ ఎత్తుతూ పడిపోయావంట. వడదెబ్బ. నీళ్ళు తాగించేలోపే...

ఆ ఎండకు శవాన్ని ఉంచే వీలు లేదు. పేటలో మంచం పట్టిన ముసలివాళ్ళు తప్ప మనవాడనేవాడు లేడు. అప్పుడు నీతో రాయి కొట్టే సైదులు, బట్టీల పక్కన లారీలు బాగుచేసే మస్తాను, ఇద్దరూ నిన్ను భుజాల మీద మన తోటకు మోసుకొచ్చారు. ఆ గట్టి నేలలో ఆ ఎండలో వాళ్ళే గొయ్యి తవ్వారు. తవ్వాక ఇద్దరికీ వాదన వచ్చిందంట, తల ఎటు పెట్టాలని. "మా వాళ్ళకైతే ఉత్తరానికి పెడతాం" అన్నాడు మస్తాను. "బతికినోడే ఉత్తరానికి తల పెట్టి పడుకోడు, పోయినోడికి పెడతావా? దక్షిణానికి పెట్టు" అన్నాడు సైదులు. వదినను అడుగుదామంటే ఆమెకు స్పృహ లేదు. వయసులో పెద్దవాడని సైదులు మాటే నెగ్గింది. తల దక్షిణానికి, కాళ్ళు ఉత్తరానికి.

తూర్పు అన్న మాట ఇద్దరికీ తట్టలేదు. వాళ్ళకెలా తడుతుంది?

ఆ గంటలోనే నేను నరసరావుపేటలో వేదిక మీద ఉన్నాను అన్నా. చనిపోయినవాళ్ళను లేపే కడవరి బూర గురించి గొంతు చించుకుంటున్నాను. "తూర్పున ప్రభువు కనబడతాడు! మనం తూర్పు చూస్తూ లేస్తాం! అందుకే మనవాళ్ళ కాళ్ళు తూర్పుకు పెడతాం!" అన్నాను. జనం హల్లెలూయ అన్నారు. నాకు ఒళ్ళు పులకరించింది.

కబురంది, దొరికిన లారీ ఎక్కి, మర్నాటికి వచ్చిపడ్డాను. తోటలో అన్ని సమాధులూ వరుసగా ఒకే తీరున ఉన్నాయి. వాటి మధ్య పచ్చిమట్టి దిబ్బ ఒక్కటే అడ్డంగా ఉంది. దాన్ని చూడగానే నాకు మొదట ఏడుపు రాలేదు. ఇదేమిటి అడ్డంగా ఉంది అనిపించింది. సొంత అన్న పోతే మనిషికి ముందు తట్టేది అదా?

దినాల ప్రార్థన అయ్యాక మోషే పెద్దయ్య లేచాడు. ఆయన్ను ఎరుగుదువుగా... సంఘపెద్దల్లో పెద్ద, మందిరానికి స్థలం ఇచ్చిన మనిషి, చెడ్డవాడు కాడు. "జకరయ్యా, మీ అన్న రక్షణ పొందినోడే, కాదన్ను. కానీ మెరుపు తూర్పున పుట్టి పడమట దాకా కనపడ్డట్టు ప్రభువొస్తాడని వాక్యం ఉందా లేదా? అందరూ ఆయనకు ఎదురు లేస్తే మీ అన్న కృష్ణ అవతల నల్లగొండ వైపు చూస్తా లేస్తాడు. అన్యులు తవ్విన గొయ్యి గదా మరి. తీసి సరిగ్గా పెట్టించు" అన్నాడు.

కొందరు నవ్వారు. వదిన నవ్వలేదు.

ఆ రోజు నుంచి ఆమెకు అదే పట్టుకుంది. "జకరయ్యా, బూర మోగినప్పుడు ఆయన అటు తిరిగి ఉంటే ప్రభువు కనపడతాడా? ఆయన అసలే నిద్రమొఖం. పక్కనోళ్ళు లేపితేగాని లెగడు" అంటుంది. నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆమె మాత్రం నవ్వడానికి అనడం లేదు. ఎందుకు భయమంటే ఆమె చెప్పేది ఒకటే. "ఆ మాట నేర్పింది నువ్వే గదా జకరయ్యా" అని. నిజమే. ఏళ్ళ తరబడి అరిచి చెప్పినవాణ్ణి నేనే.

అందుకే చదవడం మొదలుపెట్టాను. కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, నాకు బైబిలు కాలేజీ లేదు, గ్రీకు లేదు. మన సంఘాలను చూసే అయ్యగారు గురజాల నుంచి వచ్చినప్పుడు పరిశుద్ధాత్మ, సంఘము, కడవరి సంగతులు అని మూడు పాఠాలు చెప్పి, "వాక్యం వాక్యంతో పోల్చి చూసుకో" అన్నారు. పొలం గట్టు మీద, బస్సు కోసం నిలబడ్డ చోట, ఎక్కడ కూర్చుంటే అక్కడ గ్రంథం తెరిచాను. కాళ్ళు తూర్పుకు పెట్టమన్న మాట కోసం ఆదికాండం నుంచి ప్రకటన దాకా వెతికాను.

లేదన్నా.

ఎక్కడా లేదు. మన తాతలు పెట్టారు, మనం పెడుతున్నాం. మంచి అలవాటే, ఆశతో పెట్టుకున్న అలవాటు. కానీ నేను దాన్ని వాక్యమని చెప్పాను!

పౌలుగారు కొరింథువాళ్ళకు రాసిన దాంట్లో చనిపోయిన దేహాన్ని విత్తనంతో పోల్చాడు. విత్తనం వేసేటప్పుడు అది ఏ వైపు పడిందని ఎవడన్నా చూస్తాడా? తలకిందులుగా పడ్డ గింజ కూడా మొలక పైకే పంపిస్తుంది. ఎండిన ఎముకల లోయలో ప్రవక్త ఊపిరిని పిలిచింది తూర్పు నుంచి ఒక్కటే కాదు, నాలుగు దిక్కుల నుంచి. ఆ ఎముకల్ని ముందు వరుసగా పేర్చమని దేవుడు చెప్పలేదు. ఇవి దొరికిన రోజున పెద్దయ్య ఇంటికి పరుగెత్తాను. మెరుపు సంగతీ అడిగాను. మెరుపుకు వీపు పెట్టి నిలబడ్డవాడికి ఎదురుగోడ మీద వెలుగు కనపడదా?

పెద్దయ్య అంతా విన్నాడు. "వాక్యం బాగా తిప్పుతావు. అన్న కాకపోతే ఇంత తిప్పేవాడివా?" అన్నాడు.

ఆ మాట నా డొక్కలో దిగింది. ఇప్పటికీ అక్కడే ఉంది. చెప్పన్నా, నేను వాక్యం వెతికానా, నిన్ను వెతికానా?

వదినకు చెబితే ఆమె ఓపిగ్గా విని, "విత్తనం మనిషి కాదు గదయ్యా" అంది. అంతే. నా ప్రసంగాలకు ఊగిపోయిన జనాన్ని చూశాను గానీ ఈ ఒక్క మనిషి గుండెలో భయాన్ని వేలెడు కూడా కదిలించలేకపోయాను. నువ్వన్నది గుర్తొచ్చింది... "ఆత్మ దిగితే అంత అరవాల్నా? బట్టీలో నిప్పు చూడు, అరవదు. రాయిని సున్నం చేస్తది." అప్పుడు నీ మీద ఎంత కోపం వచ్చిందో! పరిశుద్ధాత్మను బట్టీతో పోలుస్తావా అని రెండు రోజులు నీతో మాట్లాడలేదు.

చివరికి ఒప్పుకున్నాను. వదిన భయం పోయి నిద్రపోగలిగితే చాలు, గొయ్యి తీసి తిప్పిద్దామన్నాను. పునరుత్థాన పండుగకు ముందు వారం సమాధులకు సున్నాలు కొడతాం కదా, అప్పుడే ఈ పనీ అయిపోవాలని పెద్దలు అన్నారు. మనవాళ్ళెవరూ గడ్డపార పట్టనన్నారు. ఏడాది దాటని సమాధి, ఎవరికైనా చెయ్యి ఆడదు. సైదులుకు, మస్తానుకు కబురు పెట్టాను.

పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. సంగతేమిటో నేను సరిగ్గా చెప్పలేదు. తోటలో నిలబడి చెప్పాల్సి వచ్చింది. పెద్దలు ఒకవైపు, సున్నపు కుండతో వదిన ఒకవైపు.

సైదులు నీ మీది నాపరాయి వంకా, చుట్టూ ఉన్నవాటి వంకా చూశాడు. అప్పుడు కనపడింది అతనికి తేడా. "ఓరి నీ... ఎవురన్నా చెప్పొద్దా మాకు? తెలిస్తే ఎట్టా కావాలంటే అట్టా తవ్వేవాళ్ళం గదా!" అని నెత్తి కొట్టుకున్నాడు.

మస్తాను మాత్రం గడ్డపార కింద పెట్టేశాడు. "పూడ్చినోణ్ణి తియ్యడం మా దాంట్లో చానా తప్పు జకరయ్యన్నా. తియ్యాల్సిందే అంటే నీకోసం తీస్తా. కానీ ఒక్కటి చెప్పు. ఆ రోజు మేం అబ్రహామన్నకు చెరుపు చేశామా?" అన్నాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

అన్నా, సంఘము అన్న పాఠం ఎన్నిసార్లు చదివానో! ఒకే శరీరం, చాలా అవయవాలు, ఒకటి బాధపడితే అన్నీ బాధపడతాయి. బట్టీయం వేసినట్టు చెప్పగలను. నువ్వు ఎండలో పడిపోయిన రోజు ఆ శరీరం యావత్తూ నరసరావుపేటలో చాపల మీద కూర్చుని నా ప్రసంగం వింటోంది. నిన్ను మోసిన భుజాలు వీళ్ళవి. వీళ్ళకు నేనేం చెప్పాలి? మీరు ప్రేమతో చేసిన పని మాకు పనికిరాదు, మళ్ళీ మీ చేత్తోనే తీసి సరిచెయ్యండి అనా? ఏ అధ్యాయంలో ఉంది అది?

నోరు తెరిస్తే ప్రసంగం వస్తుందనుకున్నాను. రాలేదు. వదిన చేతిలోని కుండలో చెయ్యి ముంచి, నీ పక్కనున్న ఖాళీ జాగాలో నేల మీద సున్నంతో గీత గీశాను. నీలాగే దక్షిణం నుంచి ఉత్తరానికి. నా నిలువంత గీత.

"మస్తానూ, నేను పోయిన రోజు నువ్వు బతికుంటే నాకూ ఇట్టాగే తవ్వు. మా అన్న పక్కన, మా అన్న ఎటుంటే అటు" అన్నాను.

పెద్దయ్య వచ్చి కాలితో ఆ గీత చెరిపాడు. మళ్ళీ గీశాను. మళ్ళీ చెరపబోతే వదిన అడ్డొచ్చింది.

"నిజంగానే అంటున్నావా జకరయ్యా? వేదిక మీద మాట కాదు గదా?"

"కాదొదినా."

"అయితే ఆయన పక్కన లేపేవాడు ఉంటాడన్నమాట" అంది. అని నీ సమాధికి తానే సున్నం కొట్టడం మొదలుపెట్టింది. సైదులు ఇంకో కుంచె అందుకున్నాడు.

పండుగ నాటి తెల్లవారుజామున అందరం తోటలో తూర్పు ముఖంగా నిలబడి పాడాం. వదిన నీ కాళ్ళ దగ్గర నిలబడింది. ప్రార్థనలో కళ్ళు మూసుకుందన్నా. నేను మూసుకోలేదు, ఆమెనే చూస్తున్నాను.

ఇకపోతే నా సంగతి. పెద్దలు నన్ను ప్రసంగం మానమన్నారు. మందలో లేని కొత్త బోధ తెచ్చానంట. అయ్యగారికి కూడా కబురు పంపారు. ఆయన వచ్చి రెండు పక్కలా విని, తల గోక్కుని, "దీని మీద నేను పెద్దలతో కూర్చోవాలి" అని బస్సెక్కారు. ఇంకా కూర్చోలేదు. ఆదివారం చాప మీద నోరు మూసుకుని కూర్చుంటే నా దవడలు నొప్పి పుడుతున్నాయి. ఇంకొకరు వాక్యం చెబుతుంటే, అది కాదురా అసలు సంగతి అని లేవబోయి మళ్ళీ కూలబడుతున్నాను. ఇన్నేళ్ళూ నువ్వు ఎలా కూర్చున్నావు అన్నా, నేను చెప్పేదంతా వింటూ?

పంతం కాదు అని చెప్పలేను. కొన్ని రోజులు నాకు నేనే ఎదురు తిరుగుతాను. పెద్దయ్య అన్నదే నిజమైతే? నాకు కనపడని మాట గ్రంథంలో ఏదైనా ఉంటే? మళ్ళీ మొదటినుంచి చదువుతున్నాను. ఈసారి ఆగి ఆగి చదువుతున్నాను. ఆత్మ నాలుగు దిక్కుల నుంచి వస్తుందన్న చోట వేలు పెట్టి ఎంతసేపో కూర్చుంటాను. వేలు తీస్తే ఆ మాట అక్కడ ఉండదేమోనని భయం...

ఒకటి మాత్రం మారదు. నిన్ను ఎవరూ కదిలించరు. ఎవరొచ్చి గడ్డపార ఎత్తినా ముందు నా మీదుగా పోవాలి. నా రోజు వచ్చినప్పుడు నీ పక్కనే పడుకుంటాను, నీలాగే అడ్డంగా. నేను చదివింది నిజమైతే ఇద్దరం ఆయన ముఖం చూస్తూనే లేస్తాం. తప్పైతే, నువ్వు పెద్దవాడివి గదా, ముందు నువ్వు లేచి నా భుజం పట్టుకుని తూర్పుకు తిప్పు.

నీ తమ్ముడు
జకరయ్య