ఖోఖో వరసలో అర్చన

ఎమ్మిగనూరు,
ఆదివారం.

అర్చన నాన్నకు,

శ్రీశైలమ్మ నమస్కారాలు. ఇక్కడ నేనూ పాపా బాగానే ఉన్నాం. అక్కడ బెంగళూరులో మీరు వేళకింత తిని, ఆరోగ్యంగా ఉంటే అదే చాలు. మీతో పనిచేసే తిరుపాల్ మీ ఉత్తరం తెచ్చిచ్చాడు. ఫోనెత్తితే మాటామాటా పెరుగుతోందని ఉత్తరం రాశారు, మంచిపని చేశారు. నేనూ అతని చేతికే ఇది ఇచ్చి పంపుతున్నాను.

మగ్గం సంగతి అడిగారు. నడుస్తోంది. పొద్దుగూకేసరికి మగ్గం గుంతలోంచి లేవాలంటే ఎడమకాలు నాది కానట్టుంటోంది. ఈ చీర దిగాక నాలుగు రోజులు ఆగుదామనుకుంటాను, మళ్లీ కూర్చుంటాను.

పాప ఫోను దగ్గరికి ఎందుకు రావడంలేదని అడిగారు. దానికి జవాబు కాస్త పెద్దది.

ఎండాకాలంలో డాక్టరమ్మ ఏమన్నదో మీకు తెలుసు. పదిహేనేళ్ల పిల్ల మేడమెట్లెక్కితే అంత ఆయాసం రాకూడదు, రోజూ ఒళ్లు కదిలించాలి అంది. మీరు భయపడి స్కిప్పింగ్ తాడు పంపారు. ఆ భయం నాకూ ఉంది. కానీ మీరు వీడియో కాల్ చేసి, అక్కడ మీ గదిలోవాళ్ల ముందు "ఎగురు పాపా, సూస్తాం" అన్నారు. వెనక ఎవరో నవ్వారు. మీరూ నవ్వి "మా బస్తా కదల్లేదప్పా" అన్నారు. మీకది ముద్దుమాటే. పాప ఆ పూట అన్నం తినలేదు.

నేను మాత్రం తక్కువ చేశానా? తెల్లారకముందే లేపేదాన్ని. తిట్టాను, బతిమాలాను, మీ అక్క కూతురితో పోల్చాను. గ్రౌండుకని పోయి ముఖమంతా చెమటతో వచ్చేది. ఒకరోజు నేను పాలకని వెళ్తే, బడి వెనక బోరింగు దగ్గర ముఖం మీద నీళ్లు చల్లుకుంటూ కనిపించింది. అది చెమట కాదు. ఏ రోజూ పరిగెత్తలేదు.

"ఏం పాపా ఇది?" అన్నాను.

"అందరూ సూస్తారు మా. ఉరికితే ఒళ్లంతా ఊగుతాది" అంది.

కోప్పడడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది. మర్నాటినుంచి లేపడం మానేశాను.

ఆదోనినుంచి వచ్చి పాప క్లాసులో చేరిన సుమయ్య అనే పిల్ల ఉంది. వాళ్ల ఖోఖో జట్టులో ఒకరు తక్కువయ్యారట. "నువ్వు ఉరకొద్దులే, వరసలో కూసో సాలు" అని పాపను పిలుచుకుపోయింది. కూర్చోడమే కదా అని ఈమె పోయింది. వెనకనుంచి ఎవరో వీపు తట్టి "ఖో" అనేసరికి లేచి ఉరికిందట, తప్పు వైపుకి! సుమయ్య పడీపడీ నవ్విందట, ఈమె కూడా నవ్విందట. నాకు చెబుతూ మళ్లీ నవ్వింది. మన ఇంట్లో ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

మర్నాడు ఒళ్లునొప్పులని పడుకుంటే ఆ పిల్లే వాకిట్లోకి వచ్చింది. "ఆంటీ, అర్చన లేకుంటే మా వరస నిండదు" అంది. ఆ తర్వాత ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. సాయంత్రం దుమ్ము కొట్టుకొని వస్తోంది. నీళ్లబిందెతో మేడెక్కినా మధ్యలో ఆగడంలేదు. పడుకోగానే నిద్రపోతోంది. అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటోంది.

పోయిన వారం ఆదోనిలో పోటీలుంటే, మగ్గం ఆపి నేనూ బస్సెక్కాను. పాప ఇట్లా దిగి అట్లా దొరికిపోయింది. ఓడిపోయారు. ఆటల టీచరు మహేశ్వరి మేడం ఎంత ఊరడించినా, తిరుగుబస్సులో కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉంది. ఇంక అయిపోయిందనుకున్నాను. మర్నాడు చూస్తే బూట్లు వేసుకుంటోంది.

"ఓడిపోతిరి కదా, మళ్లా యాడికి?"

"ఆటకు మా. ఓడిపోతే ఆడకూడదా?"

ఇప్పుడు దాచిన సంగతి చెబుతాను. ఆ సాయంత్రం మీ ఫోను తెగిపోయింది సిగ్నల్ లేక కాదు. నేనే కట్ చేశాను. పాప అప్పుడే ఆడి వచ్చి, "నాయననా? ఇయ్యి మా, నేను మాట్లాడతా" అని చెయ్యి చాపింది. ఎన్ని నెలలకో! సరిగ్గా అప్పుడే మీరు "ఎంత తగ్గినాది? కాటా ఎక్కించినావా లేదా?" అంటున్నారు. ఆ మాట దాని చెవిన పడకూడదనుకున్నాను. సిగ్నల్ పోయిందని దానికీ అబద్ధం చెప్పాను. చాపిన చెయ్యి వెనక్కి తీసుకొని కాళ్లు కడుక్కోను పోయింది. మీ ఇద్దరి మధ్యా అడ్డం పడింది నేనే. కోపమొస్తే నన్ననండి, దాన్ననకండి. ఇట్లా అడ్డంగా నిలబడీ నిలబడీ నేనూ అలిసిపోయాను.

నిన్న జడ వేస్తుంటే అడిగింది: "నాయన వస్తే మా ఆట సూడనీకి వస్తాడా మా?"

నేనేం చెప్పను? ఆ జవాబు మీరే రాయండి. నాకు కాదు, దాని పేరుమీద రాయండి.

ఇట్లు,
మీ రాక కోసం చూసే
శ్రీశైలమ్మ