టవరు బెల్టు

మిలీ వాళ్ళ నాన్నకి,

అన్నం, పప్పు మూత పెట్టాను. చేపముక్క మిలీకి ఉంచండి. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కలియాచక్ వెళ్తున్నాను.

టవరు బెల్టు కోసం వెతక్కండి. కత్తెరతో ముక్కలు చేశాను. మొన్న టవరు మీద మీరు కాలుజారి దానికే వేలాడారని మీతో పనిచేసే అనారుల్ చెప్పాడు, మీరు చెప్పలేదు. ఒకసారి పడే మనిషిని ఆపిన బెల్టు మళ్ళీ కట్టకూడదట. భుజం పట్టీకి కుట్లు తెగితే దాని మీద నల్లటేపు చుట్టారు మీరు.

మేస్త్రీకి ఫోన్ చేశాను. కొత్తది ఇచ్చేదాకా మా ఆయన టవరు ఎక్కరని చెప్పాను.

"మగవాళ్ళ పనిలో నీకెందుకమ్మా?" అన్నాడు.

"పడితే తెచ్చి పడుకోబెట్టేది నా గుమ్మంలోనేగా" అన్నాను.

సోమవారం పంపుతానన్నాడు.

కొత్తదాన్ని ఎండలో వేలాడదీయకండి, సిమెంటు బస్తాల పక్కన పడేయకండి. ఎక్కేముందు రోజూ కుట్లు చూసుకోండి. రాగానే నాతో గొడవపడకండి, నాకు ఓపిక లేదు. మూడు రాత్రులుగా నిద్ర లేదు.

రుక్సానా

మీ భుజం కమిలినచోట ఆవనూనె వెచ్చచేసి రాయమని మిలీకి చెప్పాను. తలుపు తగిలిందని దానితో అనకండి. దానికీ తెలుసు.