చుట్టుబాట గంట నాకే!

జూన్ 1

ఇవాళ్టి నుంచి నేను మాట్లాడను!

అంటే పూర్తిగా కాదు. పొద్దున లేచినప్పటి నుంచి మధ్యాహ్నం భోజనం దాకా నోరు విప్పను. ఇరవై ఒకటో తేదీ దాకా ఇదే నియమం. రాసి పెట్టుకున్నాను కాబట్టి ఇక తప్పడానికి లేదు.

కారణం నిన్నటి మీటింగు. మా చర్చి వెనక గడ్డిలో చుట్టుబాట ఉంది. సముద్రపు ఒడ్డు రాళ్ళు వరసలుగా పేర్చి, మధ్యలో ఒకే ఒక దారి వదిలాం. అది తిరిగి తిరిగి నడిమధ్యకి చేరుస్తుంది. కాలం మారినప్పుడల్లా ఊరంతా అక్కడ చేరి నడుస్తాం. నడిచేటప్పుడు ఎవరూ పలకకూడదు, రాళ్ళు దాటకూడదు. ఎనిడ్ టీచర్ గేటు దగ్గర కూర్చుని గంట కొడతారు. ఒకసారి కొడితే ఒక మనిషి లోపలికి.

"ఎనభై దాటాయి నాకు," అన్నారు టీచర్ నిన్న. "ఇన్నేళ్ళూ మిమ్మల్ని పంపడమే గాని అందరితో కలిసి నేను ఒక్కసారీ నడవలేదు. ఈ ఇరవై ఒకటిన వేసవి నడకలో నేనూ నడుస్తా. గంట ఎవరు పట్టుకుంటారు?"

నేను చెయ్యెత్తాను. గదిలో ఒకటే నవ్వు! "వెర్నా ఉంటే ఇక గంటెందుకండీ, తనే చాలు," అన్నాడు మా ఆయన క్లైడ్. సొంత మొగుడు!

టీచర్ మాత్రం నవ్వలేదు. "మూడో క్లాసులో నిన్ను గోడవైపు తిప్పి కూచోబెట్టాను వెర్నా. గోడతో మాట్లాడావు. అయినా ఇస్తా. ఆ రోజు ఒక్క మాట జారిందా, గంట వాలెస్‌ది. జారలేదా, ఇక ఎప్పటికీ నీదే."

వాలెస్ పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. బాట రాళ్ళు పేర్చేది ఆయనే. పుట్టినప్పుడు కూడా ఏడ్చి ఉండడు.

ఈ ఊళ్ళో సగం తలలు నా కత్తెర కిందికి వస్తాయి. తల ఇస్తారు గాని గంట ఇవ్వరట! వాగుడుకాయ అన్న పేరు నేను మొయ్యలేకపోతున్నాను. చూపిస్తాను.

జూన్ 2

అద్భుతం! షాపు తలుపుకి బోర్డు పెట్టాను: "మధ్యాహ్నం దాకా మౌనం. నవ్వుతాను."

మౌనంలో వినిపించినవి:
కొంగల్లా అరిచే సముద్రపు పక్షులు.
ఫ్రిజ్.
కత్తెర చప్పుడు (ఎంత బాగుంటుందో!).
నా మనసు. అది కూడా తెగ వాగుతోంది.

జూన్ 5

మౌనం గొప్పదే గాని జనానికి అర్థం కాదు. నా గొంతుకి ఏదో పెద్ద జబ్బు చేసిందని డొలొరెస్ చేపల సూపు తెచ్చింది. తను మా వీధి చివర ఉంటుంది, ముప్ఫై ఏళ్ళ స్నేహం. "డాక్టరేమన్నాడే? నా దగ్గర దాచకే," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బోర్డు వైపు చూపించాను. "అయ్యో, కళ్ళజోడు తేలేదే," అంది.

క్లైడ్‌కి నియమం సంగతి తెలుసు. అయినా నేను నిజంగా మాట్లాడకుండా ఉంటానని నమ్మలేదు. మీటింగులో తనన్న మాటకి కోపమొచ్చిందనుకున్నాడు. రెండేళ్ళుగా కారుతున్న కుళాయి బాగుచేశాడు. వెనక తలుపుకి రంగు వేశాడు. నేను ఏమీ విప్పి చెప్పలేదు. నియమం నియమమే కదా!

జూన్ 9

కొన్ని విషయాలు స్పష్టం చేసుకోవాలి.

పిల్లితో మాట్లాడటం మాట కిందికి రాదు. పాట పాడితే అది పాట. ఫోనులో మనిషి ఎదురుగా ఉండదు గనక అది మౌనభంగం ఎలా అవుతుంది? పైగా డొలొరెస్ కూతురి నిశ్చితార్థం. ఊరుకుంటే మర్యాదగా ఉంటుందా?

ఇంకొకటి. భోజనం దాకా మౌనం అని రాశాను గాని భోజనం ఎన్నింటికో రాయలేదు. ఇవాళ పదకొండుకే తినేశాను.

జూన్ 13

భోజనం ఎనిమిదిన్నరకి. ఆకలేసింది, నేనేం చెయ్యను?

"పొద్దున్నే చేపల కూరా?" అన్నాడు క్లైడ్.

"ఇది మధ్యాహ్నం భోజనం," అన్నాను. తర్వాత పది దాకా ఆగకుండా మాట్లాడాను. పాపం, నాకు కోపమేమీ లేదని ఆయనకి అప్పుడు అర్థమైంది. రంగు బ్రష్షు తీసి పక్కన పెట్టేశాడు.

జూన్ 18

సిగ్గుపడి మళ్ళీ గట్టిగా మొదలుపెట్టాను. ఇవాళ పొద్దున బాట దగ్గరికి వెళ్ళాను. చలికాలమంతా మంచు తోసే బండి రాళ్ళన్నీ చెల్లాచెదురు చేసింది. ఎదుటి మనిషి సరిగా కనిపించనంత పొగమంచులో వాలెస్ వాటిని తిరిగి పేరుస్తున్నాడు. నేను రాళ్ళు అందించాను. ఒక్క మాట లేదు! ఒక్కటీ!

ఒకచోట ఆయన ఆగాడు. "వెర్నా, ఈ సందు ముయ్యాలా, పక్కది ముయ్యాలా? నీకు గుర్తుందా?"

నేను నోటికి తాళం వేసుకున్నట్టు సైగ చేశాను, భోజనం దాకా మాట్లాడనని. ఆయన "సరే" అని ఆ సందులో రాళ్ళు పెట్టేశాడు. మనిషి చాలా తేలిగ్గా అర్థం చేసుకుంటాడు.

జూన్ 20

టీచర్ జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చారు. కాళ్ళకి కొత్త బూట్లు. అద్దంలో నన్ను చూస్తూ, "బాట నడుమకి చేరాక అందరూ ఏం చేస్తారు వెర్నా?" అని అడిగారు. "గేటు దగ్గర్నుంచి నాకు వీపులే కనిపించేవి."

చెప్పాలని నాలుక దురద పెట్టింది. భోజనం ఇంకా కాలేదు. భుజం మీద చెయ్యి వేసి ఊరుకున్నాను. ఆవిడ అక్కడికి ఎంత ఆశగా వెళ్ళబోతున్నారో!

జూన్ 21, సాయంత్రం

అయిపోయింది. అంతా అయిపోయింది.

మొదటి గంట టీచర్‌కే కొట్టాను. చేతికర్ర పట్టుకుని, గడ్డం ఎత్తుకుని లోపలికి వెళ్ళారు. తర్వాత డొలొరెస్, క్లైడ్, వాలెస్, ఇంకా ఎందరో. నేను పెదాలు కరిచిపట్టుకుని ఎత్తు కుర్చీలో కూచున్నాను. ఎంత గర్వంగా ఉందో!

కాసేపటికి ఏదో తేడాగా అనిపించింది. బాట నిండా జనం, నడుమన మాత్రం ఒక్కరూ లేరు. టీచర్ నా ముందునుంచి వెళ్ళారు. కాసేపటికి మళ్ళీ వెళ్ళారు. ఆ తర్వాత మళ్ళీ! అందరి ముఖాల్లోనూ మహా ప్రశాంతత. తమకి ఇంకా ధ్యానం కుదరలేదని ఎవరికి వాళ్ళే అనుకుంటున్నారు కాబోలు.

వాలెస్ నా ముందుకొచ్చాడు. ముఖం టమాటాలా ఉంది. నన్ను చూశాడు, తల దించుకుని నడిచాడు. అప్పుడు తెలిసింది నాకు. ఆ సందు! నా సైగ! ముయ్యమన్నాననుకుని ఆయన నడుమకి వెళ్ళే దారి మూసేసి, పక్క సందు తెరిచి వదిలేశాడు! అందుకే అందరూ బయటి చుట్లలోనే తిరుగుతున్నారు!

ఆపాలని గంట కొట్టాను. ఇంకో మనిషి లోపలికి వెళ్ళాడు. గట్టిగా కొట్టాను. ఇంకో ఇద్దరు! మా ఊళ్ళో గంటంటే వెళ్ళమనే గాని ఆగమని ఎవరికీ తెలియదు.

టీచర్ మళ్ళీ వచ్చారు. కర్ర మీద వాలిపోయి నడుస్తున్నారు, ముఖం తెల్లబడింది. రాళ్ళు దాటరు, నోరు విప్పరు. అంతటి మొండి మనిషి. ఇంకొంచెం సేపు ఊరుకుంటే గంట ఎప్పటికీ నాదే. ఆ ఆలోచన నాకు నిజంగానే వచ్చింది. వచ్చినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

"టీచర్! ఆగండి! దారి మూసుకుపోయింది! ఎంత నడిచినా రాదు! అందరూ ఎక్కడివాళ్ళక్కడే నిలబడండి! వాలెస్, ఆ రాళ్ళు తియ్యవయ్యా బాబూ!"

ఆ మూల చేపల మార్కెట్ దాకా వినపడి ఉంటుంది.

"రెండో చుట్టులోనే తెలిసింది నాకు," అన్నాడు వాలెస్.

"మరి చెప్పవేం?"

"మాట్లాడకూడదు కదా."

జనం విరగబడి నవ్వారు. నేను రాళ్ళు దాటి పరుగెత్తి టీచర్ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నవ్వలేదు.

"తప్పు దారిదేనా?" అన్నారు మెల్లగా. "నేనే తప్పేమో అనుకున్నానే. ఇన్నేళ్ళు బయట కూచున్నదాన్ని, ఈ బాట ఇక నన్ను లోపలికి రానివ్వదేమో అనుకున్నా."

వాలెస్ రాళ్ళు తీశాడు. ఆవిడని పట్టుకుని ఆ సందులోంచి నడిపించాను. నవ్వులు వాటంతటవే ఆగిపోయాయి. నడుమకి చేరాక టీచర్ చుట్టూ ఒకసారి చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఏదన్నా మాట్లాడు వెర్నా."

నా నోరు పెగల్లేదు. కళ్ళు నిండిపోయాయి. ఇద్దరం అలాగే నిలబడ్డాం.

తర్వాత పళ్ళ కేకు తిన్నాం. మాటంటే మాటే గనక టీచర్ గంట వాలెస్‌కి ఇచ్చారు. నేను చప్పట్లు కొట్టాను. కారెక్కాక ఏడ్చాను.

జూన్ 22

పొద్దున్నే వాలెస్ వచ్చాడు. కాగితం సంచీలోంచి గంట తీసి, దువ్వెనల పక్కన పెట్టాడు.

"టీచర్‌గారిని అడిగే తెచ్చాను. ఇది నీ దగ్గరే ఉండాలి వెర్నా."

"నేను అరిచాను కదయ్యా!"

"అదే. మళ్ళీ దారి మూసుకుపోతే నేను అరవలేను."

ఆయన నోట అన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు. వెంటనే టీచర్ ఫోను: "సెప్టెంబరు నడక దాకా చూస్తాను. అప్పుడు గనక ఊరికే నోరు జారిందా, చూడు మరి!"

గంట నా దగ్గరే ఉంది! నా దగ్గరే!

కాబట్టి ఇవాళ్టి నుంచి నేను మాట్లాడను. ఈసారి పొద్దున్నుంచి సాయంత్రం దాకా. పిల్లితో కూడా లేదు. ఖచ్చితంగా.

డొలొరెస్‌కి ఈ కబురు చెప్పి మొదలుపెడతాను.