ఫ్లెక్సీ మీద మా శ్రావణి

శుక్రవారం, రాత్రి

మా మనవరాలు శ్రావణి లండన్‌ల సదువుతలేదు. చేరిన కాలేజీ మూతవడ్డదంట. ఇప్పుడు గోదాంల డబ్బాలు సర్దుతుందంట. గీ సంగతి నా కొడుక్కు ఎరుకే, నా భార్యకు సుత ఎరుకే. నాకొక్కనికే దాచిండ్రు. ఇయ్యాల పొద్దుగాల బటానీలు ఒలుసుకుంట నా భార్య నోరు జారింది.

అప్పుడే శ్రావణికి ఫోన్ కొట్టిన.

"నీకు చెప్తే అమీర్‌పేట మొత్తం లొల్లి చేస్తవని చెప్పలే తాతా" అన్నది.

చేస్తనే! ఆమెను పంపిన కన్సల్టెన్సీ ముంగట ఆమె ఫొటోతోని ఫ్లెక్సీ ఇంకా కట్టే ఉన్నది. దాని కింద నిలవడి, పంజాగుట్టల ఉండే నా దోస్తు యాదగిరికి "సూడు, నా మనవరాలు" అని చూపెట్టింది నేనే. ఆయన మనవరాలు స్వప్న నా మాట మీదనే ఆ కన్సల్టెన్సీల పేరు రాయించింది. వచ్చే వారమే లండన్‌కు ప్రయాణం.

సీదా వాళ్లింటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పిన. యాదగిరి నవ్విండు.

"ఏందే రాజన్నా, మా పిల్ల పోతుంటే కడుపు మండుతుందా? నిన్నటిదాంక మస్తు పొగిడితివి గదా!"

స్వప్న మాత్రం నవ్వలే. "అక్క నంబర్ ఇయ్యి తాతా, నేనే అడుగుత" అన్నది. ఇచ్చి వచ్చిన.

ఇన్నొద్దులు నాకు చెప్పినట్టే శ్రావణి ఆ పిల్లకు సుత అంతా మంచిగుందని చెప్తే? రేపు నేనే ముందుగాల ఫోన్ చేసి, స్వప్నకు నిజం చెప్పు బిడ్డా అని బతిమిలాడాలె. నా మనవరాలిని, నేను...